ప్రకృతి ఫొటోగ్రఫీ: బయలుదేరే ముందు, బయలుదేరాక

ప్రకృతి ఫొటోలు తీయడం మొదలుపెట్టే ప్రతివారూ ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలన్నదే. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. మీరు తీయబోయే ప్రాణి గానీ దృశ్యం గానీ మీకు ఎంత దూరంలో ఉంటుంది? గడ్డిపరక మీద వాలిన తూనీగను తీయాలంటే జానెడు దూరంలోకి వెళ్లాలి. నీటి ఒడ్డున నిలబడ్డ కొంగ మిమ్మల్ని ముప్ఫై నలభై అడుగుల లోపలికి రానివ్వకపోవచ్చు. కొండల వరుస కిలోమీటర్ల అవతల ఉన్నా అది ఎక్కడికీ పారిపోదు. ఈ మూడింటికీ మూడు రకాల లెన్సులు, మూడు రకాల ఓపికలు కావాలి. మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టి, సంచి నిండా సామాను మోసుకుని తిరిగి, ఏ ఒక్కటీ కుదరక విసుగెత్తి కెమెరాను బీరువాలో పెట్టేసినవారు నాకు చాలామంది తెలుసు. మొదటి రెండేళ్లూ నేను చేసిన పనీ అదే. కాబట్టి తొలి ఆరు నెలలకు ఒక్క విషయాన్నే ఎంచుకోండి. ఇక్కడ పక్షుల గురించి ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే సామాను కొనడంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది వాటి కోసమే.

లెన్సు ముందు, కెమెరా తర్వాత

మీరు ఖర్చు పెట్టదలచుకున్న డబ్బులో ఎక్కువ భాగాన్ని లెన్సుకు కేటాయించండి. కెమెరా బాడీ కొన్నేళ్లకే పాతబడుతుంది గానీ, జాగ్రత్తగా వాడుకున్న లెన్సు రెండు మూడు బాడీలను చూస్తుంది. పక్షులకు కనీసం 300 మి.మీ., వీలైతే 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ కావాలి (ఈ అంకె పెరిగినకొద్దీ దూరాన ఉన్నది పెద్దగా కనిపిస్తుంది). 100-400 లేదా 150-600 మి.మీ. జూమ్ లెన్సులు ఔత్సాహికులకు చాలినంత పని చేస్తాయి. వీటిలో అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, సాధారణంగా ఎఫ్/5.6 లేదా ఎఫ్/6.3 వరకే తెరుచుకుంటుంది (ఎఫ్ పక్కన అంకె చిన్నదైనకొద్దీ రంధ్రం పెద్దది). ఎఫ్/2.8 లెన్సు ఎఫ్/5.6 లెన్సు కన్నా నాలుగు రెట్లు వెలుగును లోపలికి రానిస్తుందన్నది నిజమే కానీ, 400 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు బరువు దాదాపు మూడు కిలోలు ఉంటుంది. ధర సంగతి పక్కన పెట్టినా, అంత బరువు మోస్తూ గంటసేపు నడిచాక చేతులు వణుకుతుంటే, ఆ నాలుగు రెట్ల వెలుగు వల్ల కలిగిన లాభం ఆ వణుకులోనే పోతుంది.

సెన్సారు, అంటే కెమెరాలో బొమ్మను పట్టుకునే చిప్పు, దాని కొలత గురించి ఒక మాట చెప్పాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది. అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సారు, అదే లెన్సు వేసే బొమ్మలో మధ్య భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి, దాని మీద 300 మి.మీ. లెన్సు ఫుల్ ఫ్రేమ్ మీద దాదాపు 450 మి.మీ. లెన్సు చూపినంత ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. ఇంకా చిన్న సెన్సారు ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో ఈ లెక్క రెండు రెట్లు. దుకాణాల్లో చిన్న సెన్సారును తక్కువ రకంగా చెప్పడం అలవాటే అయినా, పక్షుల ఫొటోల వరకు అది తక్కువ ఖర్చుతో దూరాన్ని తగ్గించే సాధనం. తెల్లవారుజామున, సందె వేళ మాత్రం ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటో వెలుతురుగా వచ్చేలా చేసే సెట్టింగు) పెంచవలసి వచ్చినప్పుడు చిన్న సెన్సారులో నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే గరుకుదనం, త్వరగా బయటపడుతుంది.

వాడిన లెన్సు కొనడంలో తప్పేమీ లేదు, చూసి కొనండి. రెండు వైపులా మూతలు తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచి, ఒక చివర నుంచి చిన్న టార్చి వెలుగు పంపి మరో చివర నుంచి కొంచెం ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు నాలుగు కనిపిస్తే వాటివల్ల ఫొటోకు వచ్చే నష్టం లేదు. సాలెగూటి పోగుల్లా అంచు నుంచి మధ్యకు అల్లుకున్న తెల్లని గీతలు కనిపిస్తే అది బూజు, ధర ఎంత తగ్గించినా ఆ లెన్సును వదిలేయండి. తర్వాత జూమ్ రింగును, ఫోకస్ రింగును ఈ చివర నుంచి ఆ చివర వరకు తిప్పి ఎక్కడైనా పట్టేస్తున్నాయేమో చూడండి. లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించి దూరాన్ని ఇంకా దగ్గర చేసే టెలికన్వర్టర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. 1.4 రెట్ల కన్వర్టర్ ఒక స్టాపు వెలుగును (అంటే సగం వెలుగును), 2 రెట్లది రెండు స్టాపుల వెలుగును తినేస్తాయి. అసలే ఎఫ్/6.3 దగ్గర ఉన్న జూమ్ లెన్సుకు ఆ నష్టాన్ని భరించే స్తోమత ఉండదు.

ట్రైపాడ్ ఎంచుకునేటప్పుడు అది ఎంత ఎత్తుకు లేస్తుందని కాకుండా ఎంత కిందికి దిగుతుందని చూడండి. పక్షి కంటి ఎత్తులో లెన్సు ఉంటేనే ఆ ప్రాణి ఎదుట మీరు కూర్చున్నట్టు ఫొటో వస్తుంది. నిలబడి పైనుంచి తీసిన నీటికోడి ఫొటోలో నీరు తప్ప నేపథ్యం ఉండదు, అదే నీటి మట్టానికి అంగుళాల ఎత్తులో తీస్తే వెనక ఉన్న రెల్లు మెత్తటి రంగుగా కరిగిపోతుంది. అందుకని మధ్య స్తంభం లేని ట్రైపాడ్, లేదా ఆ స్తంభాన్ని తీసేయగలిగిన ట్రైపాడ్ మేలు. మోయలేనివారు మందపాటి గుడ్డ సంచిలో బియ్యమో ఎండు గింజలో పోసి కుట్టుకున్న బీన్ బ్యాగు వాడవచ్చు. నేల మీదా, బండ మీదా, కారు కిటికీ అంచు మీదా దానికి మించినది లేదు.

ముందు రోజు రాత్రి

రెండు బ్యాటరీలు నిండుగా ఛార్జ్ చేసుకోండి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ కూడా కరెంటుతోనే నడుస్తుంది కనుక, పక్షి కోసం ఎదురుచూస్తూ కూర్చున్న సమయమంతా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. కార్డులోని పాత ఫొటోలు కంప్యూటర్లోకి చేరాయని కళ్లతో చూసుకున్న తర్వాతే, కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు (సెన్సారు పట్టిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచేది) ఒక్కొక్కటి సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. సెకనుకు 10 ఫ్రేముల వేగంతో మూడు సెకన్లు బటన్ నొక్కి పట్టుకుంటే 30 ఫైళ్లు, అంటే దాదాపు 800 ఎంబీ నిండిపోతుంది. ఆ లెక్క చూసుకుని కార్డులు పెట్టుకోండి.

ఆ తర్వాత సెట్టింగులన్నీ ఒకసారి మామూలు స్థితికి తీసుకురండి. ఇది చాలామంది దాటవేసే పని. ఒకసారి నేను రాత్రి నక్షత్రాలు తీయడానికి రెండు సెకన్ల సెల్ఫ్ టైమర్ పెట్టి, దాన్ని ఆపకుండానే పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఒక లకుముకి పిట్ట నాకు ఇరవై అడుగుల దూరంలో, పక్కనుంచి ఎండ పడుతున్న కొమ్మ మీద వచ్చి వాలింది. బటన్ నొక్కాను. కెమెరా ముందు భాగంలో చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ రెండు సెకన్లు లెక్కపెట్టింది. ఆ రోజు నాకు మిగిలినది ఎంతో స్పష్టంగా వచ్చిన ఖాళీ కొమ్మ ఫొటో.

చల్లని ఏసీ గదిలో ఉంచిన కెమెరాను ఒక్కసారిగా ఉక్కపోతలోకి తీస్తే, బయటి గాలిలోని తేమ చల్లటి గాజు మీద ఆవిరిలా పట్టేస్తుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. సంచిని మూసి ఉంచి అరగంట బయట పెట్టండి, సామాను బయటి వేడికి అలవాటుపడ్డాక తెరవండి.

చోటు, ఎండ, గాలి

దూరాన ఉన్న పేరున్న అడవికి ఏడాదికి ఒకసారి వెళ్లడం కన్నా, దగ్గరలో ఉన్న చిన్న మడుగుకు వారానికి ఒకసారి వెళ్లడం వల్ల మంచి ఫొటోలు వస్తాయి. ఏ కొమ్మ మీద ఏ పిట్ట ఎన్ని గంటలకు వాలుతుందో, ఎండ ఏ గట్టు దాటి ఎప్పుడు నీటి మీదికి వస్తుందో నాలుగైదు సార్లు వెళ్లాక గానీ తెలియదు. మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరాను సంచిలోంచి తీయకపోయినా నష్టం లేదు.

సూర్యోదయానికి కనీసం అరగంట ముందే చోటికి చేరుకుని కూర్చోండి. సూర్యుడు క్షితిజానికి దగ్గరగా ఉన్నప్పుడు వెలుగు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది కాబట్టి, అందులోని నీలం చెదిరిపోయి పసుపు, నారింజ ఛాయలు మిగులుతాయి, నీడలు కూడా మెత్తగా పడతాయి. పొద్దెక్కాక వెలుగు కటువుగా మారడమే కాదు, నేల వేడెక్కి గాలి అలలు అలలుగా కదులుతుంది. దూరాన ఉన్న పక్షి ఆ గాలిలోంచి చూస్తే నీళ్లలోంచి చూసినట్టు వణుకుతుంది. ఫోకస్ సరిగ్గానే ఉన్నా ఫొటో ఎందుకు మసకగా వచ్చిందని లెన్సును అనుమానించేవారు ముందు ఆ ఫొటో తీసిన వేళను చూసుకోవాలి. ఎంత ఖరీదైన లెన్సూ ఆ గాలిని సరిచేయలేదు, దగ్గరకు వెళ్లడం ఒక్కటే మార్గం.

సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోవాలని అందరూ చెబుతారు, గాలి సంగతి మాత్రం అంతగా చెప్పరు. పక్షులు సాధారణంగా ఎగిరేటప్పుడూ వాలేటప్పుడూ గాలికి ఎదురుగా ముఖం పెడతాయి, అలా చేస్తే రెక్కలకు పైకి లేపే బలం సులువుగా దొరుకుతుంది. కాబట్టి గాలి మీ వెనక నుంచి వీస్తున్న చోట కూర్చుంటే, వాలే పక్షి రెక్కలు విప్పుకుని మీకు అభిముఖంగా వస్తుంది. గాలి మీ ముఖాన కొడుతుంటే ఉదయమంతా మీకు దక్కేవి తోకలే. ఎండా గాలీ రెండూ మీ వెనకే ఉండే రోజులు తక్కువ. అటువంటి రోజు దొరికితే సెలవు పెట్టయినా వెళ్లవచ్చు.

కెమెరాలో పెట్టుకోవలసినవి

రా ఫార్మాట్‌లో తీయండి. మాన్యువల్ మోడ్ పెట్టి, షట్టర్ స్పీడునూ (సెన్సారు మీద వెలుగు పడే సమయం) అపర్చర్‌నూ మీ చేతిలో ఉంచుకుని, ఐఎస్ఓను ఆటోకు వదిలేయండి. కూర్చున్న పక్షికి 1/500 సెకను, ఎగిరే పక్షికి 1/2000 సెకను, చిన్న పిట్టలు చకచకా ఎగురుతుంటే ఇంకా ఎక్కువ వేగం కావాలి. చేతి వణుకును లెన్సులోని స్టెబిలైజర్ ఆపుతుంది గానీ రెక్కల కదలికను ఆపలేదు. ఐఎస్ఓ పెరుగుతుందన్న భయంతో షట్టర్ స్పీడును తగ్గించకండి. నాయిస్‌ను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కంటిని ఎవరూ బాగుచేయలేరు.

ఫోకస్‌ను కంటిన్యువస్ మోడ్‌లో (పక్షి కదిలినకొద్దీ ఫోకస్ మారుతూ ఉండేది) ఉంచండి. కొత్త కెమెరాల్లో పక్షి కంటిని గుర్తుపట్టే సదుపాయం ఆరుబయట బాగా పనిచేస్తుంది, పక్షి కొమ్మల మధ్య ఉన్నప్పుడు మాత్రం ముందున్న పుల్ల మీదికి పోతుంది. అప్పుడు ఒకే పాయింటు ఎంచుకుని కంటి మీద పెట్టడమే మంచిది.

ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుగు, దాని దగ్గర కొంచెం ఆగాలి. కెమెరాలోని మీటరు తాను చూసినదంతా సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందనుకుని లెక్క కడుతుంది. నల్లని నీడ ముందు తెల్లకొంగ నిలబడితే, ఫ్రేములో ఎక్కువ భాగం చీకటే కాబట్టి మీటరు వెలుగు పెంచేస్తుంది. నీడ బూడిద రంగులోకి మారుతుంది, కొంగ ఈకల్లోని గీతలన్నీ చెరిగిపోయి తెల్ల కాగితం కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాపు, అవసరమైతే అంతకు మించి తగ్గించండి. తెల్లని ఆకాశం ముందు ఎగిరే గద్దకు దీనికి వ్యతిరేకంగా ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచాలి, లేకపోతే అది నల్లని ముద్దగా మిగులుతుంది. వెనక తెర మీద ఫొటో ఎంత బాగా కనిపించినా నమ్మకుండా హిస్టోగ్రామ్ (ఎడమ నుంచి కుడికి చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గీత) చూడండి. కుడి అంచుకు గీత గుద్దుకుని ఉంటే తెలుపులోని వివరం పోయినట్టే.

దగ్గరకు వెళ్లడం

ముదురు గోధుమ, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో, నడిచేటప్పుడు చప్పుడు చేయని బట్టలు వేసుకోండి. కెమెరా బీప్ శబ్దాన్ని ఆపేయండి. పక్షి వైపు తిన్నగా నడవకండి, దాని కళ్లలోకి సూటిగా చూస్తూ వెళ్లకండి. పక్కకు పోతున్నట్టుగా వంకరటింకరగా నాలుగడుగులు వేసి ఆగండి, అది మళ్లీ మేతలో పడ్డాక మరో నాలుగడుగులు వేయండి. అది తినడం మానేసి మెడ నిటారుగా ఎత్తితే మీరు హద్దు దాటారని అర్థం. శరీరాన్ని ముందుకు వంచి కాళ్లు ముడిస్తే ఎగరబోతోందని అర్థం. మెడ ఎత్తిన దగ్గరే ఆగి, వీలైతే ఒకడుగు వెనక్కి వేసి కూర్చోండి. కూర్చున్న మనిషిని పక్షులు నిలబడిన మనిషంత భయంగా చూడవు.

ఇంకా మంచి పద్ధతి, అవి రాకముందే వెళ్లి కూర్చుని వాటినే దగ్గరకు రానివ్వడం. రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అనే అన్నదమ్ములు బ్రిటన్‌లో పందొమ్మిదో శతాబ్దం చివర పక్షుల ఫొటోలు తీసేందుకు ఎద్దు చర్మంతో బోలు బొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో సహా దూరి పొలంలో నిలబడేవారు. నేడు అంత శ్రమ అవసరం లేదు. కారు కిటికీ, పొద చాటు, లేదా మీద కప్పుకున్న ఆకుపచ్చ వల చాలు.

లకుముకి పిట్టను ఉదాహరణగా తీసుకోండి. అది నీటి మీదికి వంగిన కొమ్మ చివర కూర్చుని, కిందనున్న చేపను అంచనా వేస్తూ తలను పైకీ కిందికీ ఆడిస్తుంది. ఆ ఊపు ఆగి, ఈకలు ఒంటికి అంటుకుని, ఒళ్లు సన్నబడినట్టు కనిపించిన క్షణంలో బటన్ మీద వేలు సిద్ధంగా ఉండాలి. దూకడాన్ని పట్టుకోలేకపోయినా నిరాశపడి కెమెరా దించకండి, ఎందుకంటే చాలాసార్లు అది చేపతో అదే కొమ్మకు తిరిగివచ్చి, చేపను తోక దగ్గర పట్టుకుని తలను కొమ్మకేసి టపటపా కొడుతుంది, ఆ తర్వాత తల ముందుగా ఉండేలా తిప్పుకుని మింగుతుంది. చేపను తల ముందుకు పెట్టుకుని, మింగకుండా ఎగిరిపోతే మాత్రం దగ్గరలో గూడు ఉందనుకోవచ్చు. అప్పుడు దాని వెంట పడకండి. మీరు గూటికి దగ్గరగా కూర్చుంటే తల్లి లోపలికి వెళ్లలేక చేపతో చుట్టూ తిరుగుతుంది, లోపల పిల్లలు ఆకలితో ఉంటాయి.

గూళ్ల దగ్గర ఫొటోలు తీయవద్దన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. గూడు సరిగ్గా కనిపించడం కోసం ఆకులు తుంచితే, ఆ సందులోంచి ఎండతోపాటు కాకి చూపు కూడా లోపలికి వెళ్తుంది. ఫోనులో రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని రప్పించడం, రాత్రివేళ గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్ కొట్టడం కూడా మానేయండి.

చిన్న ప్రాణులు, పెద్ద దృశ్యాలు

పురుగుల కోసం 90 నుంచి 105 మి.మీ. మాక్రో లెన్సు (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసేది) తీసుకోండి, అంతకన్నా పొట్టి లెన్సుతో మీ నీడ పురుగు మీద పడేంత దగ్గరకు పోవలసి వస్తుంది. ఒకటికి ఒకటి పరిమాణంలో, అంటే పురుగు బొమ్మ సెన్సారు మీద దాని అసలు కొలతలోనే పడేలా తీసేటప్పుడు ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/8 దగ్గర స్పష్టంగా ఉండే మందం సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే, అంటే తూనీగ కన్ను ఫోకస్‌లో ఉంటే తోక ఉండదు. అందుకు ఉపాయం, తూనీగ శరీరానికి సమాంతరంగా కెమెరా వెనక భాగం వచ్చేలా పక్కనుంచి కూర్చోవడం. తెల్లవారుజామున వెళ్లండి. ఒళ్లు వేడెక్కేవరకు తూనీగ ఎగరలేదు, రెక్కల మీద మంచు బిందువులతో గడ్డిపరకను పట్టుకుని అలాగే ఉంటుంది. ఎండ తగిలాక అది రెక్కలను వణికించడం మొదలుపెడితే మీ సమయం అయిపోవచ్చినట్టే.

దృశ్యాలకు చెప్పవలసినది తక్కువ. ట్రైపాడ్, ఎఫ్/8 నుంచి ఎఫ్/11, సెల్ఫ్ టైమర్ చాలు. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం కొంచెం మెత్తబడుతుంది. పోలరైజర్ ఫిల్టరు సూర్యుడికి తొంభై డిగ్రీల పక్కనున్న ఆకాశం మీద బాగా పనిచేస్తుంది, తడి ఆకుల మీది మెరుపును కూడా తీసేస్తుంది. బాగా వెడల్పైన లెన్సుకు మాత్రం దాన్ని పెడితే ఆకాశం ఒక పక్క ముదురుగా, మరో పక్క లేతగా వస్తుంది.

ఇంటికి వచ్చాక

ఎంత అలసిపోయినా ఫొటోలను ఆ రోజే రెండు చోట్ల దాచండి, వాటిలో ఒకటి వీలైతే ఇంటి బయట ఉండాలి. ఎంపికను మాత్రం వారం ఆగి చేయండి. తీసిన రోజు ప్రతి ఫొటోతోపాటు ఆ ఉదయపు చలీ, పడ్డ శ్రమా గుర్తుకు వచ్చి, మసక ఫొటో కూడా మంచిదిగానే కనిపిస్తుంది. వారం తర్వాత పెద్దది చేసి కన్ను స్పష్టంగా ఉందా అని చూడండి. లేకపోతే తీసేయండి. అరుదైన పక్షి ఫొటోలను నలుగురికీ పంపే ముందు వాటిలో దాగి ఉన్న లొకేషన్ సమాచారాన్ని తొలగించండి.

లెన్సు మీది దుమ్మును ముందు బ్లోయర్‌తో ఊదండి, గుడ్డ పట్టేది ఆ తర్వాతే. ఇసుక రేణువు ఉండగా తుడిస్తే గీత పడుతుంది. సముద్రపు గాలిలో తిరిగి వస్తే కెమెరా బయటి భాగాన్ని తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. లెన్సులను తోలు సంచుల్లో మూసి నెలల తరబడి పెడితే బూజు పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ వేసి, తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. రంగు మారిన జెల్‌ను వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

పడుకునే ముందు ఒక చిన్న పుస్తకంలో తేదీ, వేళ, గాలి దిక్కు, ఏ కొమ్మ మీద ఏ పిట్ట ఎంతసేపు కూర్చున్నదీ రాసుకోండి. తర్వాత బ్యాటరీలు ఛార్జింగుకు పెట్టి, సెల్ఫ్ టైమర్ ఆపి ఉందో లేదో చూసి సంచి మూయండి.